డయాలిసిస్ ఒకటే, బిల్లులు వేరు

ఢిల్లీలో సరాయ్ కాలే ఖాన్ బస్టాండుకు దగ్గరలో గురుద్వారా బాలా సాహిబ్ ఉంది. 2021 మార్చిలో ఆ ఆవరణలో వంద పడకల డయాలిసిస్ ఆసుపత్రి మొదలైంది. అందులో బిల్లు కౌంటరే ఉండదని నిర్వాహకులు అప్పుడే ప్రకటించారు. నోయిడా నుంచి ఆఫీసుకు వెళ్లే దారిలో నా చూపు రోజూ అటు పోతుంది. దానికి ఇంటి కారణం ఒకటుంది. శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఉండే మా మావయ్యకు కొన్నేళ్లుగా డయాలిసిస్ జరుగుతోంది. ఆయనకూ బిల్లు రాదు, ఆరోగ్యశ్రీ కింద ప్రభుత్వం కడుతోంది. పథకం పేరు మారినా మావయ్యకు ఇప్పటికీ అది ఆరోగ్యశ్రీయే.

మావయ్య కొడుకు, అంటే మా బావ, అమెరికాలో డల్లాస్‌లో ఉంటాడు. తండ్రిని ఒక్కసారైనా తీసుకెళ్లి తన ఇల్లు చూపించాలని బావ కోరిక. చుట్టపు చూపుగా వెళ్లేవారికి అమ్మే ప్రయాణ బీమా పాలసీలు ముందే ఉన్న జబ్బులను సాధారణంగా కలుపుకోవు. అక్కడ మూడు వారాలుంటే తొమ్మిదిసార్లు డయాలిసిస్ చేయించాలి. ఒక్కోసారికి ఎంతవుతుందని బావ ఒక కేంద్రానికి ఫోన్ చేస్తే సూటిగా జవాబు రాలేదట. "మీకు ఏ బీమా ఉంది?" అని ఎదురు ప్రశ్న వేశారట.

ధర అడిగితే బీమా పేరు అడగడం ఏమిటి? సంపన్న దేశాలు ఆరోగ్యం మీద ఎంత ఖర్చు చేస్తాయన్న చర్చ వచ్చినప్పుడల్లా జీడీపీలో శాతాల పట్టిక ముందుకొస్తుంది. ఆ పట్టిక కొంతే చెబుతుంది. ఒకే చికిత్సను పట్టుకుని దేశం తర్వాత దేశం తిరిగి వస్తే, డబ్బు ఎక్కడ పుడుతోందో, ఎక్కడ ఇంకిపోతోందో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అందుకు డయాలిసిస్ కంటే మంచి ఉదాహరణ నాకు తట్టలేదు. ఎందుకంటే ఈ చికిత్స వెనకున్న సైన్స్ అన్నిచోట్లా ఒక్కటే.

నలభై ఎనిమిది లీటర్ల లెక్క

రెండు కిడ్నీలూ దాదాపు పూర్తిగా పని మానేస్తే యూరియా, పొటాషియం, అదనపు నీరు ఒంట్లోనే పేరుకుపోతాయి. డయాలిసిస్‌లో రక్తాన్ని బయటికి తీసి ఒక ఫిల్టరు గుండా పంపుతారు. ఆ ఫిల్టరులో వెంట్రుకంత సన్నని గొట్టాలు వేల సంఖ్యలో ఉంటాయి. గొట్టాల లోపల రక్తం, బయట శుభ్రమైన ద్రావణం ఎదురెదురుగా ప్రవహిస్తాయి. గొట్టం గోడకున్న సూక్ష్మరంధ్రాల గుండా యూరియా గాఢత ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు దానంతటదే జారిపోతుంది. రక్తకణాలు, ప్రొటీన్లు పెద్దవి కాబట్టి లోపలే ఉండిపోతాయి. ఎమ్మెస్సీలో వ్యాపన సమీకరణాన్ని మార్కుల కోసం చదివాను. దాని మీద ఒక మనిషి బతుకు వారానికి మూడుసార్లు ఆనుకుని ఉంటుందని మావయ్య మంచం పక్కన కూర్చున్నప్పుడే తెలిసింది.

ఈ పనికి ఆచరణలో ఉపయోగపడే తొలి యంత్రాన్ని రూపొందించింది విలెం కోల్ఫ్ అనే డచ్ వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న కాంపెన్ అనే పట్టణంలో, సాసేజ్‌లకు తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ము చుట్టూ చుట్టి దాన్ని తయారు చేశాడు. రోగి బతికి బయటపడింది 1945లో.

డయాలిసిస్ చాలినంత జరిగిందా లేదా అని తేల్చడానికి వైద్యులు ఒక చిన్న లెక్క వాడతారు. ఫిల్టరు నిమిషానికి ఎంత రక్తాన్ని యూరియా లేకుండా చేస్తుందో చూసి, దాన్ని ఎన్ని నిమిషాలు నడిపారో దానితో గుణించి, ఒంట్లో ఉన్న మొత్తం నీటితో భాగిస్తారు. 60 కిలోల మనిషి ఒంట్లో సుమారు 36 లీటర్ల నీరు ఉంటుందనుకుందాం. నిమిషానికి 200 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలు, అంటే 240 నిమిషాలు నడిపితే 48 లీటర్లు. 48ని 36తో భాగిస్తే 1.33 వస్తుంది. వారానికి మూడుసార్లు చేయించుకునేవారికి ఇది ప్రతిసారీ కనీసం 1.2 ఉండాలని మార్గదర్శకాలు చెబుతాయి. మూడు గంటలకే యంత్రం ఆపేస్తే లెక్క 1.0కి పడిపోతుంది. వారంలో ఒక విడత ఎగ్గొడితే ఇక చెప్పనక్కర్లేదు. సోంపేటలోనైనా ఒసాకాలోనైనా ఈ భాగహారం మారదు. మారేదల్లా ఆ నాలుగు గంటలకు ఎవరు, ఎంత కడతారన్నదే.

ఒక్క అవయవానికి సార్వత్రిక బీమా

అమెరికాతో మొదలుపెడదాం, ఎందుకంటే కథ అక్కడే చిత్రంగా ఉంటుంది.

1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు రోగి చేతికి టెఫ్లాన్ గొట్టాన్ని శాశ్వతంగా అమర్చే పద్ధతి కనిపెట్టాడు. అప్పటిదాకా డయాలిసిస్ చేసిన ప్రతిసారీ ఒక రక్తనాళం పాడయ్యేది, కాబట్టి కొద్దిసార్లకు మించి సాధ్యమయ్యేది కాదు. స్క్రిబ్నర్ తొలి రోగి పదకొండేళ్లు బతికాడు. కానీ యంత్రాలు కొన్ని, రోగులు ఎందరో. ఎవరికి ఇవ్వాలో నిర్ణయించడానికి సియాటిల్‌లో ఏడుగురితో ఒక కమిటీ వేశారు. అందులో ఒక లాయరు, ఒక మతాచార్యుడు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి కూడా ఉన్నారు. దరఖాస్తుదారుడి ఉద్యోగం, పిల్లల సంఖ్య, చర్చికి వెళ్లే అలవాటు వంటివి చర్చించి ప్రాణాలు పంచారు. 1962లో ఒక పత్రిక ఈ సంగతి బయటపెట్టాక దేశం ఉలిక్కిపడింది.

1971 నవంబరులో షెప్ గ్లేజర్ అనే రోగి అమెరికా పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెబుతూ అక్కడే డయాలిసిస్ చేయించుకున్నాడు. మరుసటి ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టం, కిడ్నీలు విఫలమైన దాదాపు ప్రతి ఒక్కరికీ వయసుతో పనిలేకుండా మెడికేర్ వర్తింపజేసింది. మెడికేర్ అప్పటిదాకా 65 ఏళ్లు దాటినవారి పథకం. గుండెకు, కాలేయానికి, క్యాన్సరుకు ఇలాంటి హామీ లేదు. అందరికీ ఆరోగ్య బీమా ఇవ్వని దేశం కిడ్నీకి మాత్రం ఇచ్చింది. మిగతా జబ్బులకు కూడా ఇదే బాట పరుచుకుంటుందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. అలా జరగలేదు.

ఇక ధర దగ్గరికి వద్దాం. 2025లో ఒక్కో డయాలిసిస్‌కు మెడికేర్ నిర్ణయించిన మూల ధర 273.82 డాలర్లు, అంటే సుమారు 23 వేల రూపాయలు. రోగికి ఉద్యోగం ద్వారా వచ్చే ప్రైవేటు బీమా ఉంటే, మొదటి 30 నెలలు ఆ బీమా కంపెనీ ముందు చెల్లించాలి. ఆ కంపెనీ ఇచ్చే ధర వేరు. ఒక పెద్ద డయాలిసిస్ సంస్థ లెక్కలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో విడతకు ప్రభుత్వం నుంచి సగటున 248 డాలర్లు అందితే ప్రైవేటు బీమా నుంచి 1,041 డాలర్లు అందినట్టు తేలింది. కుర్చీ అదే, ఫిల్టరు అదే, నర్సు కూడా ఆవిడే. నాలుగు రెట్ల తేడాకు కారణం కొనేవాడి బేరం శక్తి తప్ప మరొకటి కనిపించదు. బావకు ఎదురైన ప్రశ్నకు అర్థం ఇదే. అక్కడ డయాలిసిస్‌కు ఒక ధర అంటూ లేదు, కట్టేవాణ్ణి బట్టి ధర ఉంది.

అమెరికా మొత్తం ఆరోగ్య వ్యయం 2023లో జీడీపీలో 17.6 శాతం. తలసరి 14,570 డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 12 లక్షల రూపాయలు. సంపన్న దేశాల సగటు 9 శాతం పైచిలుకు. ఇంత ఖర్చు చేసే అమెరికాలో అదే ఏడాది సగటు ఆయుర్దాయం 78.4 ఏళ్లు కాగా, జపాన్‌లో సుమారు 84. అమెరికన్లు ఎక్కువసార్లు డాక్టరు దగ్గరికి వెళ్తారేమో, ఎక్కువ రోజులు ఆసుపత్రుల్లో ఉంటారేమో అనిపిస్తుంది. గెరార్డ్ ఆండర్సన్, ఊవ్ రైన్‌హార్ట్ తదితర ఆర్థికవేత్తలు 2003లో ఈ సందేహాన్ని లెక్కలతో పరీక్షించారు. డాక్టరు సంప్రదింపులు, ఆసుపత్రి రోజులు అమెరికాలో ఇతర సంపన్న దేశాల మధ్యస్థం కంటే తక్కువగానే ఉన్నాయి. అసలు తేడా ప్రతి సేవకూ పడే ధరలో ఉందని వాళ్లు తేల్చారు.

పోటీ పెరిగితే ధర తగ్గాలి కదా అని మీరు అడగవచ్చు. కెన్నెత్ ఆరో అనే ఆర్థికవేత్త 1963లో రాసిన వ్యాసం దీనికి ఇప్పటికీ మంచి జవాబు. వంకాయ పుచ్చా మంచిదా అని కొనేవాడికి తెలుస్తుంది. ఏ చికిత్స అవసరమో మాత్రం రోగికి తెలియదు, అది చెప్పేదీ అమ్మే వైపున్న డాక్టరే. జబ్బు ఎప్పుడొస్తుందో, ఎంతవుతుందో ముందే ఊహించలేం. డయాలిసిస్‌లో ఇంకో చిక్కుంది. ధర నచ్చలేదని దుకాణం మార్చి వారం ఆగి చూద్దామంటే శరీరం ఊరుకోదు. 

డబ్బు ఎటు పారితే చికిత్స అటు

ధర ఎంత అన్నది ఒక సంగతి. దేనికి కడుతున్నారన్నది మరొకటి, నాకైతే ఇదే ఎక్కువ ఆసక్తికరం.

కిడ్నీలు విఫలమైనవారిలో రక్తహీనత సహజం, ఎందుకంటే ఎముకమజ్జను ఎర్రకణాలు చేయమని ప్రేరేపించే ఎరిత్రోపోయిటిన్ హార్మోను కిడ్నీలోనే తయారవుతుంది. దాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తారు. 2011కు ముందు మెడికేర్ డయాలిసిస్‌కు ఒక మొత్తం, ఈ ఇంజెక్షన్‌కు విడిగా మరో మొత్తం కట్టేది. ఎంత ఎక్కువ మందు వాడితే కేంద్రానికి అంత రాబడి. మెడికేర్ అప్పట్లో అత్యధికంగా ఖర్చు చేసిన మందుల్లో ఇది ఒకటిగా నిలిచింది. హిమోగ్లోబిన్‌ను మరీ పైకి తీసుకెళ్తే గుండె సమస్యలు, మరణాలు పెరుగుతున్నాయని 2006లో ఒక పెద్ద పరీక్ష చూపింది. మరుసటి ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. 2011 జనవరి నుంచి డయాలిసిస్, మందు, పరీక్షలు అన్నీ కలిపి ఒకే మొత్తంగా కట్టడం మొదలైంది. ఇంజెక్షన్ల వాడకం గణనీయంగా పడిపోయింది. హెచ్చరికలూ దానికి తోడ్పడ్డాయి గానీ, అంతకుముందు రాబడిగా ఉన్న మందు ఇప్పుడు కేంద్రానికి ఖర్చుగా మారిందన్న సంగతి చిన్నదేమీ కాదు.

ఇంతకంటే విడ్డూరం కిడ్నీ మార్పిడిది. మార్పిడి జరిగినవారు కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా జీవితాంతం మందులు వాడాలి. వయసు వల్ల కాక కేవలం కిడ్నీ జబ్బు వల్లే మెడికేర్ పొందినవారికి ఆ బీమా మార్పిడి తర్వాత 36 నెలలకు ఆగిపోయేది, దాంతోపాటే మందుల చెల్లింపూ ఆగేది. మందులు కొనుక్కోలేక కిడ్నీ పోగొట్టుకుంటే? తిరిగి డయాలిసిస్‌కు అర్హులే, ఎన్నేళ్లయినా మెడికేర్ కడుతుంది. మందుల కంటే డయాలిసిస్‌కే ఎక్కువ ఖర్చని అందరికీ తెలుసు. అయినా ఈ లోపం సరిదిద్దే చట్టం 2020 డిసెంబరులో గానీ రాలేదు, అమలు 2023 జనవరి నుంచి. సంస్కరణ అనే మాట వినగానే మనకు ఒబామా 2010లో తెచ్చిన చట్టం లాంటి పెద్దవే గుర్తొస్తాయి. ముందే జబ్బున్నవారికి బీమా నిరాకరించకూడదన్న నియమం దాని ద్వారానే 2014 నుంచి అమల్లోకి వచ్చింది, దాని విలువ తక్కువేమీ కాదు. కానీ ఎందరో రోగుల జాతకాన్ని మార్చింది ఈ 36 నెలల లాంటి చిన్న వాక్యాలు.

బ్రిటన్, జపాన్, జర్మనీ

బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ 1948 జులై 5న మొదలైంది. పన్నుల డబ్బుతో నడుస్తుంది, డయాలిసిస్ రోగి చేతి నుంచి పైసా పడదు. ఈ మాట చదివి అక్కడంతా బాగుందనుకుంటే తొందరపాటే. ఏటా బడ్జెట్టు ఇంత అని గిరి గీసినప్పుడు, బిల్లుకు బదులు వరుస వస్తుంది. 1970లు, 80ల తొలినాళ్లలో బ్రిటన్‌లో డయాలిసిస్ కేంద్రాలు తక్కువ. అమెరికాతో, పొరుగున ఉన్న యూరప్ దేశాలతో పోలిస్తే కొత్త రోగులను చేర్చుకునే రేటు చాలా తక్కువగా ఉండేది. వయసు మళ్లినవారిని స్థానిక వైద్యులు పెద్దాసుపత్రికి పంపకుండా, ఇక చేయగలిగింది లేదని ఇంటికి పంపిన సందర్భాలను పరిశోధకులు నమోదు చేశారు. సియాటిల్‌లో కమిటీ బాహాటంగా చేసిన పని ఇక్కడ గుట్టుగా జరిగింది. తర్వాత కేంద్రాలు పెరిగి ఆ పరిస్థితి మారింది. వరుసలు మాత్రం వేరే చోట్ల అలాగే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ముందే తేదీ తీసుకుని చేయించుకునే చికిత్సల కోసం వేచి ఉన్న కేసులు 2023 సెప్టెంబరు నాటికి 77 లక్షలు దాటాయి.

జపాన్ దారి వేరు. 1961 నాటికి అక్కడ అందరికీ ఆరోగ్య బీమా వచ్చింది. ఆసుపత్రుల్లో అధికం ప్రైవేటువే, బీమా సంస్థలూ అనేకం. అయినా హొక్కాయిడోలోనూ ఒకినావాలోనూ ఒక చికిత్సకు ఒకే ధర, ఎందుకంటే ప్రభుత్వం ప్రతి సేవకూ పాయింట్లు నిర్ణయిస్తుంది, ఒక పాయింటు పది యెన్లు. ఈ పట్టికను రెండేళ్లకోసారి సవరిస్తారు. మామూలుగా రోగి బిల్లులో 30 శాతం భరించాలి. కానీ దీర్ఘకాలిక డయాలిసిస్‌కు నెలకు పది వేల యెన్లకు మించి కట్టనక్కర్లేదు, ఆదాయం ఎక్కువున్నవారికి ఇరవై వేలు. జనాభా నిష్పత్తిలో డయాలిసిస్ రోగులు ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్న దేశాల్లో జపాన్ ఒకటి, మరణానంతర అవయవదానం తక్కువ కావడం అందుకు ఒక కారణం. అంతమందిని పోషిస్తూ కూడా ఖర్చు చేయి దాటలేదంటే ఆ పట్టికే ముఖ్య కారణం.

జర్మనీలో బిస్మార్క్ 1883లో తెచ్చిన కార్మికుల ఆరోగ్య బీమా చట్టం వంశమే ఇప్పటికీ నడుస్తోంది. జీతంలో కొంత ఉద్యోగి, కొంత యజమాని కలిపి బీమా నిధులకు కడతారు, ఆ నిధులన్నీ కలిసి వైద్యుల సంఘాలతో ధర మాట్లాడతాయి. డయాలిసిస్‌కు వారానికి ఇంత అని ఒకే మొత్తం ఇస్తారు. మా మావయ్య వింటే ఆశ్చర్యపోయే సంగతి మరొకటుంది. డయాలిసిస్‌కు వెళ్లి వచ్చే టాక్సీ ఖర్చును కూడా, రోగి వంతుగా చిన్న మొత్తం పోను, బీమా నిధే భరిస్తుంది.

ఆసుపత్రి ఎవరిదన్న విషయంలో ఈ మూడు దేశాలకూ పోలిక లేదు. ఒకచోట ప్రభుత్వానిది, ఒకచోట ప్రైవేటుది, ఒకచోట కలగలుపు. డబ్బు వచ్చే దారులూ వేరు. ఉమ్మడిగా కనిపించేవి రెండే: జబ్బు రాకముందే అందరి దగ్గరా డబ్బు పోగుచేస్తారు, ధరను రోగి మంచం పక్కన కాక బల్ల దగ్గర కూర్చుని ముందే తేలుస్తారు. అమెరికాలో మెడికేర్ వరకు ఈ రెండూ ఉన్నాయి, దాని బయట లేవు. మందుల ధర మీద కంపెనీలతో బేరమాడే అధికారం మెడికేర్‌కు 2022 చట్టంతోనే దక్కింది. మొదటి పది మందుల కొత్త ధరలు 2026 జనవరి నుంచి వర్తించాయి.

శ్రీకాకుళం ముందు వరుసలో

ఇప్పుడు మన దగ్గరికి. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2021-22లో భారత్ మొత్తం ఆరోగ్య వ్యయం జీడీపీలో 3.83 శాతం, తలసరి 6,602 రూపాయలు. అందులో కుటుంబాలు నేరుగా జేబులోంచి పెట్టింది 39.4 శాతం. 2013-14లో అది 64.2 శాతం. తగ్గుదల పెద్దదే, అయితే 2021-22 కోవిడ్ ఏడాది కాబట్టి ప్రభుత్వ ఖర్చు మామూలు కంటే పెరిగిందన్నది గుర్తుంచుకుని ఈ అంకెను చదవాలి. ఆ ఏడాది కూడా ప్రభుత్వ వ్యయం జీడీపీలో 1.84 శాతమే. 2025 నాటికి 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యం పెట్టుకుంది. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్న మాటైతే మనకు ఇంకా పాతది. జోసెఫ్ భోర్ కమిటీ 1946లోనే, అంటే బ్రిటన్ సేవ మొదలవడానికి రెండేళ్ల ముందే, ఆ సూత్రం మీద నివేదిక ఇచ్చింది.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైంది: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. మరుసటి ఏడాదికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా విస్తరించింది. తెల్ల రేషను కార్డున్న కుటుంబం నిర్ణీత చికిత్సలను ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో ఉచితంగా పొందవచ్చు. ఆసుపత్రికి ఒక్కో చికిత్సకు ముందే నిర్ణయించిన ప్యాకేజీ ధర అందుతుంది. అలా చూస్తే ఇది జపాన్ పట్టికకు దూరపు బంధువే. ధర ముందే తెలుసు, రోగితో బేరం లేదు. ఈ ఒక్క మార్పు విలువ ఎంతో 2007కు ముందు గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకున్న కుటుంబాలను అడిగితే తెలుస్తుంది.

బంధుత్వం అక్కడితో ఆగిపోతుంది. జపాన్‌లో పట్టికను రెండేళ్లకోసారి సవరిస్తారు, డబ్బు సమయానికి అందుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్యాకేజీ ధరలు పెంచమని, బకాయిలు చెల్లించమని ప్రైవేటు ఆసుపత్రుల సంఘాలు సేవలు నిలిపివేయడం వార్తల్లో తరచూ చూస్తున్నాం. కార్డు మీద పరిమితి తెలంగాణలో పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో పాతిక లక్షలకు పెరిగింది, రెండూ 2023 డిసెంబరులోనే. పరిమితి పెంచడం తేలిక, ప్రకటనకు అందంగా ఉంటుంది. నెలనెలా బిల్లులు చెల్లించడానికి ఖజానాలో డబ్బుండాలి.

ఎరిత్రోపోయిటిన్ కథకు మన దగ్గర కూడా ఒక జోడీ ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. ఇదంతా పథకం వల్లేనంటే తప్పు. సొంత డబ్బుతో చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో చేయించుకున్నవారూ ఎందరో, ఈ అలవాటు పథకానికి ముందు నుంచీ ఉంది. కానీ ఆపరేషన్ చేస్తే డబ్బు వస్తుంది, మందులిచ్చి పంపితే రాదన్న పరిస్థితి ఉన్నచోట అనవసరపు ఆపరేషన్ల అనుమానం రాక మానదు. బీమా పథకాల కింద జరిగిన ఇలాంటి ఆపరేషన్ల మీద బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది.

ఢిల్లీ సంగతి ఇంకో రకం. ఆపరేషన్లకు, ఆసుపత్రి చేరికలకు ఆయుష్మాన్ భారత్ 2018లో దేశమంతటా మొదలైనా ఢిల్లీ చేరలేదు. ఇక్కడ 2015లో మొహల్లా క్లినిక్‌లు మొదలయ్యాయి. అవి జ్వరాలకు, మధుమేహానికి, పరీక్షలకు ఉపయోగపడే చిన్న కేంద్రాలు. ఈ రెండింటిలో ఏది కావాలన్నది ఏళ్ల తరబడి రాజకీయ గొడవగా నడిచింది. చివరికి 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. నిజానికి ఇవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. కిడ్నీ రోగినే తీసుకోండి. మధుమేహం, రక్తపోటు అదుపులో ఉంచే మాత్రలు ముందు పదేళ్లు క్రమంగా అందితే చాలామందిలో డయాలిసిస్ అవసరమే వెనక్కి పోతుంది. ఆ మాత్రలు మందుల షాపులో కొనేవి. ఆసుపత్రిలో చేరితే వర్తించే కార్డు వాటికి పనికిరాదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆయుష్మాన్ భారత్ మందులకు కట్టేది 15 రోజుల వరకే.

మూడో విడత

2016-17 కేంద్ర బడ్జెట్టు ప్రసంగంలో ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ కొన్ని అంకెలు చదివారు. దేశంలో ఏటా 2.2 లక్షల మంది కొత్తగా కిడ్నీ వైఫల్యం చివరి దశకు చేరుతున్నారు, 3.4 కోట్ల డయాలిసిస్‌లు అవసరమవుతున్నాయి, ఒక్కోదానికి సుమారు రెండు వేల రూపాయలు, ఏడాదికి మూడు లక్షలకు పైనే. జిల్లా ఆసుపత్రుల్లో ఉచిత డయాలిసిస్ ఇచ్చే జాతీయ కార్యక్రమం అలా మొదలైంది. ఒక విడతకు రెండు వేలంటే మెడికేర్ ధరలో పదో వంతు కూడా కాదు. నర్సు జీతం, అద్దె, కరెంటు ఇక్కడ తక్కువ. దాంతోపాటు, ఒకే ఫిల్టరును శుభ్రం చేసి మళ్లీ మళ్లీ వాడే పద్ధతీ ఇక్కడ ఎక్కువ.

ఇంత చవకైనా, మన దేశంలో చాలామంది రోగులు వారానికి రెండుసార్లే చేయించుకుంటారు. మావయ్య కూడా మొదట్లో అంతే. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలతో కూడిన ఉద్దానంలో కారణం ఇంకా తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. కొబ్బరి తోటలు, జీడిమామిడి, కూలి పనులు, చేపల వేట మీద బతికే ఊళ్లు. డయాలిసిస్ కోసం ఒకప్పుడు విశాఖపట్నం దాకా వెళ్లాల్సి వచ్చేది. తర్వాత దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే యంత్రాలు పెట్టారు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. నీటి మీద అనుమానం ఉన్నందున హిరమండలం రిజర్వాయరు నుంచి ఈ మండలాలకు తాగునీటి పథకం వేశారు.

చికిత్స ఉచితమైనప్పుడు రెండుసార్లే ఎందుకు వెళ్లేవాడివని ఒకసారి ఫోన్‌లో అడిగాను.

"ఏటి సెప్పమంటావురా," అన్నాడు. "మిషనుకి గవర్మెంటు కడతాది. ఆటోకి ఎవులు కడతారు? నానెల్లిన రోజు మీ అత్త కూడా కూలికెళ్లదు, తోడు రావాల గదా."

మనిషికి ఆటో ఛార్జీ, ఇద్దరి కూలి, వారానికి మూడు రోజులు. ఏ ఆరోగ్య ఖాతాలోనూ కూలి నష్టం వ్యయంగా నమోదు కాదు. ఫిల్టరు, యంత్రం, నాలుగు గంటలు అన్నీ సిద్ధంగా ఉన్నా భాగహారం తప్పింది అక్కడే. జర్మనీ బీమా నిధి టాక్సీకి ఎందుకు కడుతుందో నాకు ఆ రోజు అర్థమైంది.

డయాలిసిస్ రోగులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో నెలకు పది వేల రూపాయల పింఛను ప్రకటించింది. అది వైద్య ఖర్చు కింద లెక్కకు రాదు, సామాజిక పింఛన్ల పద్దులో ఉంటుంది. మావయ్యకు కాగితాల పని పూర్తయి పింఛను చేతికొచ్చేసరికి కొన్ని నెలలు పట్టింది. వచ్చిన నెల నుంచే మూడో విడత మొదలుపెట్టాడు. ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాల్లో తెల్లవారుజామున ఐదింటికి వీధి చివర ఆటో ఆగుతుంది. అదే వీధి నుంచి మరో ఇద్దరు ఎక్కుతారు, ఛార్జీ ముగ్గురూ పంచుకుంటారు.